ఇక చాలునని చెప్పు వైద్యుడు

ధ్యాన భాగములు: మార్కు 5:25–34; 2 కొరింథీయులకు 12:7–10



గడచిన వేసవిలో ఒక సాయంకాలము, సికిందరాబాదులోని మా యింటికి ఒక పల్లె సంఘమునుండి ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. ఆమెకు ఇరువది నాలుగు ఏండ్లు. మోము సగము కప్పుకొని, మా ఎదుట తల ఎత్తక కూర్చుండెను. తండ్రి సంగతి చెప్పెను. పెండ్లిచూపులకు వచ్చినవారిలో ఒకామె, పిల్ల మంచిదే గాని ముక్కు లావని అనెనట. ఆ మాట ఆ బిడ్డ మనస్సులో ముల్లువలె నాటుకొనెను. తండ్రి అరయెకరము మడిచెక్క అమ్మి పట్టణములో ముక్కు దిద్దించెను. ఏడాది తిరుగకమునుపే ముక్కు కొన వంకరయైనదని ఆమె ఏడ్వగా, అప్పుచేసి రెండవసారి చేయించెను. ఇప్పుడు మూడవసారి కావలెనట. ఆ దినము వారు పోయిన వైద్యుడు ఆమెను చాలసేపు పరీక్షించి, నేను చేయనని చెప్పి పంపివేసెను.

“అయ్యగారూ, ఆ డాక్టరుగారు మన క్రైస్తవుడేనట. మీరొక చీటీ వ్రాసి ఇస్తే కాదనడు. పిల్ల అన్నము మానింది. ఎట్లనైనా ఈ మేలు చేయండి” అని ఆ తండ్రి చేతులు జోడించెను.

ప్రియులారా, మేము దాచుకొనక చెప్పెదము. మేము కాగితము తీసికొని కలము చేతపట్టితిమి. ఏడ్చు బిడ్డ ఎదుట ఉన్నప్పుడు ఒక చీటీ వ్రాయుట ఏపాటి పని? ఇంతలో మా యింటి అమ్మగారు ఆ పిల్ల ప్రక్కను కూర్చుండి, “ఈ మారు చేయించుకుంటే చాలునా, బిడ్డా?” అని అడిగెను. ఆమె చాలసేపు మాటలాడలేదు. తుదకు, “తెలియదమ్మగారూ. మొదటిసారి కూడ చాలుననే అనుకొన్నాను” అనెను.

మేము కలము క్రింద పెట్టితిమి. ఆ రాత్రినుండి ఈ సంగతినిగూర్చి వాక్యమును చదువుచు, తెలిసినవారిని అడుగుచు, ప్రార్థించుచు ఉన్నాము. అందమునకై చేయు శస్త్రచికిత్స ఒక వ్యసనమువలె పట్టుకొనినవారికి వైద్యుడు హద్దు పెట్టవచ్చునా? డబ్బిచ్చి అడుగుచున్నవారిని కాదనుట ధర్మమా? ఇది పట్టణపువారి సంగతి, మనకెందుకని అనుకొనవద్దు. మన పొలములు అమ్ముడుపోవుచున్నవి. మన బిడ్డలు ఏడ్చుచున్నారు.

మొదట ఒక మాట. మేము ఈ చికిత్సను నిందించుటకు వ్రాయుటలేదు. ముక్కు దిద్దు విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. పూర్వకాలపు సుశ్రుతుని వైద్యమునందే అది యున్నది. 1792లో జరిగిన మైసూరు యుద్ధములో ఆంగ్ల సేనకు ఎడ్లబండ్లు తోలు ఒక మరాఠా మనుష్యుని టిప్పు సుల్తాను సైనికులు పట్టుకొని ముక్కు కోసిరి. అతడు ఏడాదిపాటు ముక్కు లేకయే బ్రదికెను. పిమ్మట పూనా ప్రాంతపు నాటువైద్యుడొకడు అతని నొసటి చర్మమును మలచి క్రొత్త ముక్కు చేసెను. ఆ వృత్తాంతము 1794 అక్టోబరులో లండను పత్రికలో అచ్చుపడగా పడమటి వైద్యులు చూచి నేర్చుకొనిరి.

మన సంఘములవారికి దీనికంటె దగ్గరి సాక్ష్యమున్నది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మెథడిస్టు మిషనువారు, డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారి పరిచర్యతో, కుష్ఠరోగుల ఆసుపత్రి స్థాపించిరి. ఆ రోగము మానినను కనుబొమలు రాలినవారిని, ముక్కు దూలము కూలినవారిని ఊరివారు దూరమునుండియే గుర్తుపట్టి రానిచ్చువారు కారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ గారు అట్టివారి చేతులను బాగుచేయుటతో తృప్తినొందలేదు. తలమీది వెండ్రుకలుగల చర్మమును కొంచెము తెచ్చి కనుబొమగా నాటెను. ఆ కనుబొమలు తలవెండ్రుకలవలెనే పొడుగుగా పెరుగుచుండెడివి గనుక వాటిని అప్పుడప్పుడు కత్తిరించుకొనవలసి వచ్చెడిది. అయినను ఆ కనుబొమలతో వారు మరల మనుష్యుల మధ్యకు నడచి పోగలిగిరి. అది రూపమును దిద్దుటయే. దానిని వ్యర్థమని ఎవడు చెప్పగలడు?

2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు విద్యార్థినులమీద యాసిడ్ పోసిన ఘోరము మనము మరచిపోలేదు. వారిలో ఒకామె మరణించెను. రెండవ ఆమెకు శస్త్రచికిత్సమీద శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. అట్టి బాధితులకు చికిత్స చేయమని ఏ ఆసుపత్రియు, ప్రైవేటుదైనను, త్రిప్పి పంపకూడదనియు, ఆ చికిత్సలో రూపమును తిరిగి కూర్చు శస్త్రచికిత్సయు చేరియున్నదనియు సుప్రీం కోర్టువారు 2015లో ఆజ్ఞాపించిరి. కాబట్టి లెక్కనుబట్టి హద్దు పెట్టుట న్యాయము కాదు. కాలినవారికి పదిసార్లు కత్తి తగిలినను అది మేలే. లేని లోపమునకు ఒక్కసారి తగిలినను అది కీడు కావచ్చును. వైద్యుడు చూడవలసినది ఎన్నవసారియని కాదు, ఏ గాయమును మాన్పుచున్నామని.

ఆ వైద్యుని చూచుటకు మరునాడు మేము తండ్రీకూతుళ్లతో కలిసి పోతిమి. ఆయన కోపగించుకొనలేదు. ఆ బిడ్డ సెలవు తీసికొని మాకు విప్పి చెప్పెను. “అయ్యగారూ, ఈమె ముక్కులో నాకు దిద్దవలసినది కనబడుటలేదు. మొదటిసారికంటె రెండవసారి, రెండవసారికంటె మూడవసారి పని కష్టము. కోసినచోటనెల్ల మచ్చకండ పెరుగును. రక్తపు ప్రసారము తగ్గును. లోపలి మెత్తని ఎముక అరిగిపోవును. తుదకు ఊపిరి పీల్చుటయే కష్టమగును. నేను కత్తి పట్టినచో ఆమె నొప్పి ఉన్నచోటికి అది చేరదు” అనెను.

ఈ నొప్పిని వైద్యులు క్రొత్తగా కనుగొనలేదు. 1891లో ఇటలీ దేశపు మనోవైద్యుడు ఎన్రికో మోర్సెల్లి అనునతడు, తన రూపములో ఏదో వికారమున్నదని భయపడుచు దినమెల్ల కుమిలిపోవు రోగులనుగూర్చి వ్రాసెను. ఇప్పటి వైద్యులు దీనిని బాడీ డిస్మార్ఫిక్ డిసార్డర్ అనుచున్నారు. లేని లోపము కనబడుట, లేక ఆవగింజంత లోపము కొండంతగా కనబడుట దీని గుణము. అద్దము విడువలేకపోవుట, లేక అద్దమునకే జడియుట, మోము కప్పుకొనుట, పెండ్లిండ్లకు గుడికి రాకపోవుట, నేనెట్లున్నానని పదే పదే అడుగుట దీని గురుతులు. నూటికి ఇంచుమించు ఇద్దరికి ఇది ఉండునని చెప్పుదురు. అందపు చికిత్సకై వచ్చువారిలో ఈ పాలు ఇంకను ఎక్కువ. ఇది గర్వము కాదు, షోకు కాదు. ఇది రోగము. దీనివలన ప్రాణము తీసికొనవలెనను తలంపులును పుట్టవచ్చును. శస్త్రచికిత్సవలన ఇది సాధారణముగా మానదు. ముక్కునుండి దవడకు, దవడనుండి చర్మమునకు ఆ బాధ చోటు మార్చుకొనును. దీనికి తగిన మందులున్నవి, మాటలద్వారా తలంపులను సరిచేయు చికిత్సయు ఉన్నది. వాటివలన అనేకులకు మేలు కలుగుచున్నది.

ఇప్పుడు మార్కు సువార్త అయిదవ అధ్యాయము తెరచి చూడుడి. పండ్రెండేండ్లు రక్తస్రావముగల స్త్రీ అనేక వైద్యులయొద్దకు పోయెను. తనకున్నదంతయు వారికి ధారపోసెను. బాగుపడలేదు సరికదా, మరింత చెడెను. ఆమెది నిజమైన దేహరోగము, ఈ బిడ్డది మనోరోగము. అయినను ఒక సంగతి ఒకటే. ఆ పండ్రెండేండ్లలో ఒక్క వైద్యుడైనను, “అమ్మా, నావలన కాదు, నీ సొమ్ము నీయొద్దనే ఉంచుకొనుము” అని చెప్పియుండినయెడల ఆమెకు కొంతైనను మిగిలియుండును గదా! ఇచ్చుచున్నంతకాలము పుచ్చుకొనిన వైద్యుల పేరులు సువార్తలో లేవు. వారిచేత ఆమె పడిన బాధ మాత్రము వ్రాయబడి నిలిచియున్నది.

యేసుప్రభువు ఏమి చేసెను? ఆమె దేహము బాగుపడిన పిమ్మటకూడ ఆయన ఆమెను అట్లే పోనివ్వలేదు. ఎవరు ముట్టిరని నిలిచి వెదకెను. ఆమె వణకుచు వచ్చి తన సంగతి యావత్తు చెప్పుకొను పర్యంతము వినెను. కుమార్తెయని పిలిచెను. ఆమెకు స్వస్థత ఎంత అవసరమో, ఎవరైనను తన సంగతి మొదటినుండి చివరవరకు వినుటయు అంత అవసరము.

అయితే కొందరు అడుగుదురు: పెద్దవాడైన మనుష్యుని దేహము అతనిది, సొమ్ము అతనిది, కాదనుటకు వైద్యుడెవడు? ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. రోగి మాటను లెక్కచేయక, వైద్యుడే దేవుడైనట్లు నడిచిన దినములు మన పల్లెలు ఎరుగును. బీదవాడు నోరెత్తక వ్రేలిముద్ర వేసిన కాగితములు ఎన్నో! కాబట్టి రోగి సమ్మతి లేకుండ వైద్యుడు కత్తి పట్టరాదు. అయినను, సమ్మతియున్నంత మాత్రమున పట్టితీరవలెనని లేదు. 2002లో భారత వైద్య మండలివారు ప్రకటించిన నియమములలో, ప్రాణాపాయమువంటి అత్యవసరము కానప్పుడు ఎవరికి చికిత్స చేయవలెనో ఎంచుకొను స్వేచ్ఛ వైద్యునికి ఉన్నది. ప్రకటనలద్వారా రోగులను పిలుచుకొనుట కూడదనియు ఆ నియమములలోనే ఉన్నది. వైద్యుడు అంగడివాడు కాడు. అంగడివాడు అడిగినది కొలిచి ఇచ్చును. వైద్యుడు మేలైనది ఇయ్యవలెను. మేలు కానప్పుడు చేయి ముడుచుకొనవలెను.

మన పట్టణములలో జరిగిన సంగతులు కొన్ని తలంచుకొందము. 2016లో హైదరాబాదులో ఒక యువకుడు, ఏ కుంటితనమును లేనివాడు, తలిదండ్రులకు తెలియజేయకుండ పోయి ఎత్తు పెరుగుటకు రెండు కాళ్ల ఎముకలు కోయించుకొనెను. ఈ పద్ధతిలో ఎముకను కోసి, చట్రము బిగించి, దినమునకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున లాగుదురు. ఆ ఎడములో క్రొత్త ఎముక పుట్టి గట్టిపడుటకు నెలలు పట్టును. రష్యా దేశపు వైద్యుడు ఇలిజరోవ్ గారు విరిగిన కాళ్లను, పొట్టియైన కాళ్లను బాగుచేయుటకు దీనిని పెంపొందించెను. కుంటివానిని నడిపించుటకు కలిగిన విద్య, నడచువానిని మంచము పట్టించెను. తలిదండ్రులు వెదకుచు ఆసుపత్రికి వచ్చి, మంచముమీద కదలలేని కుమారుని చూచి గుండె బాదుకొనిరి. చింతించి ఎవడును తన యెత్తును పెంచుకొనలేడని ప్రభువు కొండమీద బోధించెను. నేడు ఎత్తు పెంచుట సాధ్యమేయైనది. చింత మాత్రము కత్తితో తెగలేదు.

2015 జూన్ 6న తెలుగు చలనచిత్రముల నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏండ్ల ప్రాయమున మరణించెను. కొన్ని వారములకు ముందు ఆమె క్రొవ్వు తీయించు శస్త్రచికిత్స చేయించుకొనెననియు, పిమ్మట ఊపిరాడక బాధపడెననియు పత్రికలు వ్రాసెను. మరణమునకు కారణమిదియని మేము తీర్పు తీర్చము. ఆమెను నిందించుట మాకు తగదు. తెరమీద ఆమె మోమును మెచ్చుకొని, ఆమె కొంచెము లావైనప్పుడు నవ్వినది ఎవరు? టిక్కెట్టు కొనినవారమే గదా! ఆ నవ్వులో మన పాలు ఎంతయో మనము చూచుకొనవలెను.

వైద్యుడు హద్దు పెట్టవలెనని మేము నమ్ముచున్నాము. అయితే హద్దు పెట్టు విధమును ముఖ్యమే. చీదరించుకొని పొమ్మనినయెడల ఆ రోగి మరియొక తలుపు తట్టును. నూరు తలుపులలో ఒక తలుపు తెరువబడును. అది అరకొర నేర్పుగలవాని తలుపైనచో గతి ఏమి? కాబట్టి హద్దు పెట్టు వైద్యుడు మూడు పనులు చేయవలెనని మాకు తోచుచున్నది.

మొదటిది, వినవలెను. బేతెస్ద కోనేటియొద్ద ముప్పది యెనిమిదేండ్ల రోగిని ప్రభువు ముందుగా ప్రశ్న అడిగెను. స్వస్థపరచగలవాడే అడిగినప్పుడు, మనుష్యుడైన వైద్యుడు అడుగకుండ కత్తి పట్టుట ఎట్లు? ఇది ఎవరికొరకు చేయించుకొనుచున్నావు? ఎవరి మాట నిన్ను నొప్పించినది? ఇంతకుముందు ఎన్నిసార్లు చేయించుకొంటివి? అప్పుడు తృప్తి కలిగెనా? ఈ ప్రశ్నలకు పది నిమిషములు చాలవు.

రెండవది, ఆగవలెను. నేడు అడిగి రేపు బల్లమీద పడుకొనుట తగదు. కొన్ని నెలలు గడువిచ్చి, మనోవైద్యునికి చూపించి, మరియొక శస్త్రవైద్యుని ఆలోచన తీసికొని, అప్పుడు నిర్ణయింపవలెను. చక్కగా విచారించిన పిమ్మట చేయదగినదైతే చేయవచ్చును.

మూడవది, విడువరాదు. కాదనిన తరువాతకూడ తలుపు మూయరాదు. మరల వచ్చి కనబడుమని చెప్పవలెను.

అపొస్తలుడైన పౌలును తలంచుకొనుడి. తన శరీరములోని ముల్లు తీయుమని అతడు ప్రభువును ముమ్మారు వేడుకొనెను. మూడుసార్లు, ప్రియులారా! ప్రభువు ఆ ముల్లు తీయలేదు. తీయజాలక కాదు, ప్రేమలేక కాదు. తీయననినవాడు పౌలును విడిచిపెట్టను లేదు. ముల్లుతోకూడ నిలుచుటకు చాలినంత కృపను ఇచ్చి అతనియొద్దనే నిలిచెను. అడిగినది ఇయ్యకపోవుటయు ప్రేమయేయని సిలువవారమైన మనకు తెలియవలెను. అయితే కాదని చెప్పి లేచిపోవుట ప్రేమ కాదు. వైద్యునికిని, సంఘకాపరికిని, తలిదండ్రులకును ఇదియే హద్దు.

ఇక మన సంగతి. హద్దు పెట్టవలసినది వైద్యునికి మాత్రమేనా? ఆ బిడ్డ ముక్కుమీద మొదటి కత్తి వేసినది వైద్యుడు కాడు. పెండ్లిచూపులకు వచ్చి, కాఫీ త్రాగి, ఒక మాట అని పోయిన స్త్రీ. ఆమెయు ఆదివారము గుడికి వచ్చునదే. మన యిండ్లలో బిడ్డ పుట్టగానే అడుగు మొదటి ప్రశ్న ఏమి? రంగు ఎవరిది వచ్చినదని. సంబంధము కుదుర్చువాడు తెల్లని పిల్ల కావలెననగా సంఘపెద్దలమైన మనము తల ఊపుదుము. సమూయేలు ప్రవక్తయంతటివాడే ఏలీయాబు ఎత్తును, రూపమును చూచి ఇతడే రాజని భ్రమపడెను. దేవుడు అతని చూపును దిద్దవలసివచ్చెను. కండ్లు బలహీనమైన లేయాను ఇంటివారు చిన్నచూపు చూచిరి గాని దేవుడు ఆమె బాధను చూచెను. మన నాలుకలకు హద్దు పెట్టుకొనక వైద్యుని కత్తికి హద్దు పెట్టుమని కోరుట వేషధారణయగును.

కాబట్టి సంఘములకు కొన్ని మనవులు చేయుచున్నాము. ఎవరి రూపమునుగూర్చియు పరిహాసముగా మాటలాడకుడి, ముఖ్యముగా ఎదుగు పిల్లలయెదుట. మీ బిడ్డ అద్దమునొద్దనే పొద్దుపుచ్చుచున్నను, మోము కప్పుకొని బయటికి రానన్నను, అది పొగరని కొట్టవద్దు, దయ్యమని ఊదించవద్దు. కూర్చుండబెట్టుకొని వినుడి. ప్రార్థించుడి, వైద్యునియొద్దకును తీసికొనిపొండి. లూకా వైద్యుడుగనే అపొస్తలునికి ప్రియుడైయుండెను గదా! హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయమున్నది. 2022లో భారత ప్రభుత్వమువారు ప్రారంభించిన టెలిమానస్ అను ఉచిత టెలిఫోను సహాయమునకు 14416 అను నంబరు. ఆ నంబరును మీ గుడి గోడమీద వ్రాసి ఉంచుడి. భూమి అమ్ముటకు ముందు, అప్పు పత్రము మీద వ్రాలు చేయుటకు ముందు, ఒక వైద్యుని కాక ఇద్దరిని అడుగుడి.

ఆ బిడ్డ సంగతి ఏమైనదని మీరు అడుగుదురు. మేము చీటీ వ్రాయలేదు. తండ్రి మామీద అలిగి రెండు నెలలు మాటలాడలేదు. అయితే ఆ వైద్యుడు తానే మనోవైద్యునితో మాటలాడి దినము కుదిర్చెను. మా యింటి అమ్మగారు ఆమెతో కూడ పోయెను. ఇప్పటికి ఎనిమిది నెలలు. ఆమె మందులు తీసికొనుచున్నది. అద్దము ఇంకను ఆమెను బాధించుచునేయున్నది. కొన్ని దినములు మరల చేయించుకొందునని ఏడ్చును. బాగైపోయెనని వ్రాయుటకు మాకు అధికారము లేదు. అయినను మొన్న కోతకాలపు పండుగనాడు ఆమె తల్లితో గుడికి వచ్చి, వెనుకటి చాపమీద, ముసుగు భుజముమీదికి జారవిడిచి కూర్చుండెను. మేము వేదికనుండి చూచితిమి. తండ్రి మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, ఆ దినము మీరు వ్రాయలేదు” అని మాత్రము చెప్పి మా చేయి పట్టుకొనెను.

ప్రార్థింతము. మమ్మును చేసిన తండ్రీ, మా రూపములను మాకంటె ముందు ఎరిగినవాడవు నీవే. కాదనవలసిన చోట కాదనుటకు వైద్యులకు ధైర్యమును, కాదనిన పిమ్మట విడువకుండుటకు జాలిని దయచేయుము. అద్దమునకు జడియు నీ బిడ్డలను కాపాడుము. వారిని నొప్పించిన మా నాలుకలను క్షమించుము. గాయపడి మా నిమిత్తము రూపము కోల్పోయిన నీ కుమారుని నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.